చిన్న అక్వేరియంలో నిలిచే మొక్కలేవి?

ప్రశ్న: మా రెండడుగుల అక్వేరియంలో గప్పీలను పెంచుతున్నాము. ఏ మొక్క నాటినా నెల తిరక్కుండానే కుళ్లిపోతోంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండరు, ఎరువులు లేకుండా బతికే మొక్కలేవి? పెద్దచెరువు నుంచి మొక్కలు తెచ్చి వేయవచ్చునా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: మీ అవసరానికి అనూబియాస్, జావా ఫెర్న్ సరిపోతాయి. ఈ రెండింటికీ అడ్డంగా పాకే మందపాటి కాండం ఉంటుంది. దానిని ఇసుకలో పూడ్చితే కుళ్లిపోతుంది కనుక, రాయికో చెక్కకో దారంతో వదులుగా కట్టి వదిలేయండి, వేళ్లు క్రమంగా వాటంతటవే పట్టుకుంటాయి. మీ మొక్కలు పోవడానికి బహుశా ఇదే కారణం కావచ్చు. జావా ఫెర్న్ ఆకు అడుగున గోధుమరంగు చుక్కలు కనబడితే జబ్బనుకొని తుంచకండి, అవి సిద్ధబీజాశయాలు, అంటే ఫెర్న్ తన సంతతి కోసం తయారుచేసే సూక్ష్మబీజాల (స్పోర్ల) సంచులు. ముదురాకుల అంచులనే వేళ్లతో సహా పిల్లమొక్కలు పుడతాయి.

వెనుక వరుసకు వాలిస్నేరియా మేలు. మన దేశపు చెరువుల్లో సహజంగా పెరిగే ఈ రిబ్బను ఆకుల మొక్క వేసవి వేడిని బాగానే ఓర్చుకుంటుంది. దీనిని మాత్రం ఇసుకలోనే నాటాలి, అయితే ఆకులు మొదలయ్యే చోటు పైకి కనబడాలి.

చెరువు మొక్కలను నేరుగా వేయడం నాకు సమ్మతం కాదు. వాటితో నత్త గుడ్లతోపాటు తూనీగ పిల్లపురుగులు వస్తే గప్పీ పిల్లలు మిగలవు. తప్పనిసరైతే రెండు వారాలు వేరే బకెట్టులో ఉంచి గమనించండి.

దీపం రోజుకు 6 నుంచి 8 గంటలు చాలు. అంతకు మించితే మొక్కలకన్నా నాచే ముందు పెరుగుతుంది.