బటన్ చాకు బండిలో పెట్టుకోవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి యార్డు దగ్గర ట్రాన్స్‌పోర్టు ఆఫీసు నడుపుతున్నాను. డల్లాస్‌లో ఉండే మా బావగారు ఒక చాకు తెచ్చిచ్చారు. పిడి మీది బటన్ నొక్కితే బ్లేడు టక్కున బయటికొస్తుంది. బ్లేడు పొడవు 4 అంగుళాలు, వెడల్పు అంగుళం. తాళ్లు, గోతాలు కోయడానికి బాగుంది. రాత్రిళ్లు కలెక్షన్ డబ్బుతో ఇంటికెళ్తాను కాబట్టి రక్షణకూ ఉంటుందని బండి డిక్కీలో పెట్టుకుంటున్నాను. లైసెన్సు కావాలా? పోలీసులు పట్టుకుంటే కేసవుతుందా?

జవాబు: మీ ప్రశ్నలో నన్ను భయపెట్టింది బటన్ కాదు, "రక్షణకూ" అన్న మాట.

1959 ఆయుధాల చట్టం సెక్షన్ 2 చూడండి. దాడికైనా, ఆత్మరక్షణకైనా ఆయుధంగా తయారుచేసిన వస్తువు ఏదైనా ఆయుధమే. కేవలం ఇంటి పనికి, సేద్యానికి చేసినవాటిని మాత్రం చట్టం వదిలేసింది. అందుకే కూరగాయల కత్తినీ కొడవలినీ ఎవరూ అడగరు. బటన్ చాకు ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. గోతాలు కోసుకునేదని మీరంటారు, ఒంటిచేత్తో క్షణంలో తీసి పొడిచేదని పోలీసులంటారు. అక్కడ "రక్షణకు పెట్టుకున్నాను సార్" అని మీరే అంటే, అది ఆయుధమేనని మీ నోటితోనే ఒప్పుకున్నట్టు. చెక్‌పోస్టుల దగ్గర చాలామంది చేసే పొరపాటు ఇదే.

ఇక లైసెన్సు సంగతి. తుపాకీకి అడిగినట్టు ప్రతి కత్తికీ అడగరు. సెక్షన్ 4 కింద నోటిఫై చేసిన ప్రాంతంలో, ఆ నోటిఫికేషన్‌లో చెప్పిన రకం కత్తికి మాత్రమే కావాలి. అలాంటిచోట లైసెన్సు లేకుండా దొరికితే సెక్షన్ 25(1బి) కింద ఏడాది నుంచి మూడేళ్ల జైలు, జరిమానా.

"9 అంగుళాల లోపయితే ఏమీ కాదు" అని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. ఆయుధాల నియమాల షెడ్యూలులో 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు అన్న కొలత ఉన్నమాట నిజమే. కానీ ఢిల్లీ సంగతి వేరు. 1980 అక్టోబరు 29 నాటి నోటిఫికేషన్ బటన్ చాకులు, గరారీ (పళ్లచక్రం ఉండే) చాకులు, స్ప్రింగుతోనో మరో యంత్రపు ఏర్పాటుతోనో తెరుచుకునేవి, అన్నిటినీ పేరుపెట్టి చెప్పింది. బ్లేడు 7.62 సెంటీమీటర్లు, వెడల్పు 1.72 సెంటీమీటర్లు దాటితే చాలు. మీ చాకు 10 సెంటీమీటర్ల పైమాటే, కాబట్టి ఢిల్లీ ప్రయాణంలో ఇంట్లోనే వదిలేయండి. ఆ నోటిఫికేషన్‌లో అమ్మకానికి ఉంచుకోవడం గురించిన మాటలున్నాయి. అమ్మకానికి ఉంచుకున్నాడన్న ఆరోపణే ఛార్జిషీటులో లేదని కొట్టేసిన కేసులూ ఉన్నాయి. అయితే ఆ కొట్టివేత దాకా లాగేసరికి మీ చెప్పులరుగుతాయి.

మీ జిల్లాకు నోటిఫికేషన్ ఉందో లేదో ఊహించుకోవద్దు. కలెక్టరేట్‌లో ఆయుధ లైసెన్సులు చూసే సెక్షన్‌కు 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. "సెక్షన్ 4 నోటిఫికేషన్ ప్రతి ఇవ్వండి" అని ఒక్క వాక్యం చాలు, 30 రోజుల్లో జవాబు రావాలి. ఎన్నికలప్పుడు, ఉద్రిక్తతలప్పుడు వచ్చే నిషేధాజ్ఞలు వేరు. బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 163, అంటే పాత 144, అమల్లో ఉండగా దొరికితే నోటిఫికేషన్‌తో పనిలేకుండానే ఇబ్బంది. హైదరాబాద్‌లో పోలీసు కమిషనర్‌కు సిటీ పోలీసు చట్టం కింద కూడా ఇలాంటి అధికారం ఉంది.

కేసు కాకపోయినా బైండోవర్ ఉంది. అనుమానం వస్తే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ముందుంచి బాండు రాయిస్తారు, తర్వాత గొడవపడితే ఆ సొమ్ము పోతుంది. తోపులాటలో చాకు తగిలి ఎదుటివాడికి చిన్న గాయమైనా సరే, చేత్తో కొట్టినట్టు లెక్కకాదు. మామూలు గాయానికి బీఎన్ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత) 115(2) కింద గరిష్ఠంగా ఏడాది, అదే కత్తితో అయితే 118(1) కింద మూడేళ్లు. డబ్బు భయమైతే కలెక్షన్ పగలే బ్యాంకులో వేయండి.

ఒకవేళ పట్టుకుంటే పంచనామా రాసేటప్పుడు చూసుకోవాల్సింది కొలతలే. చాకును కాగితం మీద పెట్టి గీత గీసి, మొత్తం పొడవు, పిడి, బ్లేడు పొడవు, బ్లేడు వెడల్పు విడివిడిగా రాయాలి. మొత్తం పొడవునే బ్లేడు పొడవుగా రాసేస్తే 4 అంగుళాలు 9 అవుతాయి. సోదాను వీడియో తీయాలని బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 105 చెబుతోంది. చదవకుండా సంతకం పెట్టవద్దు. స్వాధీనం చేసుకున్న చాకు కోసం కోర్టులో బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 497 లేదా 503 కింద పిటిషన్ వేసుకోవచ్చు.

బావగారికీ ఒక మాట చెప్పండి. టెక్సాస్‌లో 2013 నుంచి ఇలాంటి చాకు తప్పు కాదు. కానీ వచ్చేటప్పుడు లండన్‌లో దిగి రెండు రోజులు ఉంటే, అక్కడ 2021 జులై 14 నుంచి ఇంట్లో ఉంచుకున్నా నేరమే. విమానంలో క్యాబిన్ బ్యాగులో ఎక్కడా కుదరదు, చెక్‌ఇన్ సామానులోనే.

మీ చాకు ఆఫీసులో గోతాల పక్కన, పురికొసతో కలిపి ఉంచండి. డిక్కీలోంచి ఈరోజే తీసేయండి.