పట్టిక మూసేసి కన్ను గీయి

అమ్మడూ,

అటానమిక్ మందుల (మన ప్రమేయం లేకుండా నడిచే నరాల మీద పనిచేసేవాటి) పట్టిక నిన్ను ఏడిపిస్తోందని మొన్న ఫోన్లో నీ గొంతు వింటేనే అర్థమైంది. నేనూ ఆ ప్లస్సులూ మైనస్సులూ బట్టీ కొట్టినవాణ్నే. వైవాలో ఎగ్జామినర్ ఒకే ప్రశ్న అడిగారు: "ఫినైలెఫ్రిన్ చుక్కలు వేసుకున్నవాడు పుస్తకం చదవగలడా?" అట్రోపిన్ వేసినా కనుపాప పెద్దదవుతుంది, దీనికీ అవుతుంది, రెండూ ఒకటే కదా అనుకుని "చదవలేడండీ" అన్నాను. ఆయన తెల్లకాగితం నా ముందుకు తోసి, "కన్ను గీయి" అన్నారు. ముప్పై ఏళ్లు నేను చెప్పిన పాఠం ఆ కాగితం మీద నేర్చుకున్నదే.

నువ్వూ గీయి. కనుపాప చుట్టూ సంచి మూతికి కట్టిన తాడులా ఒక కండరం ఉంటుంది. బిగిస్తే కనుపాప చిన్నదవుతుంది. అది పారాసింపథెటిక్ చేతిలో ఉంది, అంటే ఒంటిని విశ్రాంతిలో నడిపే నరాల చేతిలో. ఆ నరాలు వదిలే రసాయనం అసిటైల్‌కోలిన్, కండరం మీద దాని సంకేతం అందుకునే ఎం3 రిసెప్టార్ మీద పనిచేస్తుంది. బండిచక్రం ఆకుల్లా బయటికి లాగే కండరం ఇంకొకటి. అది సింపథెటిక్‌ది, అంటే ఒంటిని ఉరుకులు పెట్టించే నరాలది. అక్కడి రిసెప్టార్ పేరు ఆల్ఫా1. ఇక వెనకాల సీలియరీ కండరం. అది ముడుచుకుంటే కటకాన్ని పట్టుకున్న దారాలు వదులై, కటకం ఉబ్బి, దగ్గరి అక్షరం స్పష్టంగా కనిపిస్తుంది. ఇక్కడ పెత్తనమంతా పారాసింపథెటిక్‌దే.

ఇప్పుడు నా తప్పు నీకే కనిపిస్తుంది చూడు. ఫినైలెఫ్రిన్ ఆల్ఫా1ను తట్టి ఆకుల్ని లాగుతుందంతే, సీలియరీ జోలికి పోదు. కాబట్టి చదువుకోవడానికి పెద్ద ఇబ్బంది లేదు. టార్చి వేస్తే కనుపాప అప్పటికీ ముడుచుకుంటుంది కూడా. అట్రోపిన్ అసిటైల్‌కోలిన్‌ను అడ్డుకుని తాడునీ సీలియరీనీ రెండింటినీ ఆపేస్తుంది. వెలుతురు వేసినా కనుపాప కదలదు, దగ్గరిది మసక. పైగా ఆ ప్రభావం వారం దాటి ఉండొచ్చు. కంటి పరీక్షకు చాలామంది డాక్టర్లు ట్రోపికమైడ్ వాడేది అందుకే, కొన్ని గంటల్లో వదిలేస్తుంది.

ఒక సంగతి మాత్రం బాగా పట్టుకో. అట్రోపిన్ తనంతట తాను కనుపాపను పెద్దది చెయ్యదు. తాడు పట్టుకున్న చేతిని వదిలిస్తుంది, అవతలివాడు గెలుస్తాడు. ఏ అవయవం దగ్గరైనా ముందు అడగాల్సిన ప్రశ్న, మామూలుగా ఉన్నప్పుడు పగ్గం ఎవరి చేతిలో ఉంది అని. గుండెను వేగస్ అనే పారాసింపథెటిక్ నరం పట్టి ఉంచుతుంది కాబట్టి అట్రోపిన్‌తో వేగం పెరుగుతుంది. చాలా రక్తనాళాలకు పారాసింపథెటిక్ నరమే లేదు, అందుకే బీపీ పెద్దగా మారదు. ఇది తెలిస్తే సగం పట్టిక నువ్వే రాసుకోగలవు.

టిమోలాల్ దగ్గర అందరూ జారతారు. సింపథెటిక్‌కే చెందిన బీటా రిసెప్టార్లను అడ్డుకునే బీటా బ్లాకర్ కదా, కనుపాప ఏమవుతుందని అడిగితే తడుముకుంటారు. ఏమీ కాదు, అక్కడ లాగేది ఆల్ఫా. టిమోలాల్ చేసేది కంటిలోపలి నీటి ఊటను తగ్గించడం, దాంతో గ్లకోమా అనే కంటిజబ్బులో లోపలి ఒత్తిడి దిగుతుంది. అయితే కంట్లో చుక్కే కదా అని తేలిగ్గా తీసుకోకు. కన్నీటి గొట్టం గుండా ముక్కులోకి దిగి నేరుగా రక్తంలో కలుస్తుంది. ఆస్తమా ఉన్నవాడికి ఆయాసం తెప్పించగలదు, గుండెవేగం తగ్గించగలదు. అందుకే ముందు ఆస్తమా సంగతి అడగాలి, చుక్క వేశాక కంటి లోపలి మూలను ఒకట్రెండు నిమిషాలు నొక్కి పట్టుకోమనాలి.

కొన్ని పురుగుమందులు తాగితే ఒంట్లో అసిటైల్‌కోలిన్ పేరుకుని తాడు బిగుస్తుంది. అలాగని సూదిమొనంత కనుపాప చూడగానే పురుగుమందు అనెయ్యకు. మార్ఫిన్‌తోనూ అలాగే అవుతుంది, కాకపోతే అది మెదడులోంచి పనిచేస్తుంది. పురుగుమందే అయితే, విరుగుడుగా ఇచ్చిన అట్రోపిన్ మోతాదు సరిపోయిందా అన్నది కనుపాపను చూసి కాదు, ఊపిరితిత్తుల్లో స్రావాలు ఆరాయా లేదా చూసి తేల్చుకోవాలి.

మిగతా మందులు నువ్వే గీసుకుని చూడు. ఈలోగా ఒక లెక్క. ఒక్క కనుపాప మాత్రమే పెద్దదై ఉంది. తాడుకు పారాసింపథెటిక్ ఆజ్ఞ మోసుకొచ్చే మూడో నరం దెబ్బతిందా, లేక అట్రోపిన్ చుక్క పొరపాటున కంటికి అంటిందా తెలియదు. అసిటైల్‌కోలిన్‌లాగే రిసెప్టార్‌ను తట్టే మందు, 1 శాతం పైలోకార్పిన్ వేశావు. ఎందులో ముడుచుకుంటుంది, ఎందులో ముడుచుకోదు, ఎందుకు? ఆదివారం ఫోన్ చేసి చెప్పు. పట్టిక చూసి చెబితే మాత్రం నాకు తెలిసిపోతుంది.

ఆశీస్సులతో,
పెదనాన్న