రోమింగ్ ప్రొఫైల్‌ను ఇంటిదాకా లాగాలా?

ప్రశ్న: మా సంస్థలో కంప్యూటర్ల నిర్వహణ నాది. ఆఫీసులో ఎవరు ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా తమ డెస్క్‌టాప్, తమ సెట్టింగులు వచ్చేలా చాలాకాలం కిందటే రోమింగ్ ప్రొఫైళ్లు (ఉద్యోగి ఫైళ్లు, సెట్టింగుల మూటను సర్వర్‌లో ఉంచే పద్ధతి) ఏర్పాటు చేశారు. ఇప్పుడు సగం మంది ల్యాప్‌టాప్‌లతో ఇంటి నుంచి వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌కు వేసే భద్రమైన దారి) ద్వారా పనిచేస్తున్నారు. లాగిన్ బాగా ఆలస్యమవుతోందని, ఒకరోజు మార్చిన సెట్టింగులు మర్నాటికి పాతవైపోతున్నాయని ఫిర్యాదులు వస్తున్నాయి. సర్వర్ మార్చాలా, ఇంటర్నెట్ వేగం పెంచాలా?

జవాబు: రెండూ అక్కర్లేదు. రోమింగ్ ప్రొఫైల్ పద్ధతిలో లాగిన్ సమయంలో ప్రొఫైల్ సర్వర్ నుంచి కంప్యూటర్‌లోకి దిగుతుంది, లాగాఫ్ సమయంలో మారినవి తిరిగి సర్వర్‌కు చేరతాయి. సర్వర్ పక్క గదిలో ఉండి, అందరూ సాయంత్రం బుద్ధిగా లాగాఫ్ చేసి వెళ్లే రోజులకు తగిన ఏర్పాటు అది. ఇంట్లో ల్యాప్‌టాప్ మూత మూసేవారే తప్ప లాగాఫ్ చేసేవారు అరుదు. పైగా చాలామంది ముందు లాగిన్ అయి ఆ తరువాత వీపీఎన్ కలుపుతారు కనుక, లాగిన్ వేళ విండోస్‌కు సర్వర్ కనిపించదు. కనిపించినా, వేగం సెకనుకు 500 కిలోబిట్ల కన్నా తక్కువైతే దాన్ని నెమ్మది లింకుగా లెక్కగట్టి, ల్యాప్‌టాప్‌లో ఉన్న పాత ప్రతితోనే సరిపెట్టుకుంటుంది.

సెట్టింగులు వెనక్కి పోవడానికి కారణం మరొకటి ఉంది. ప్రొఫైల్‌లోని మామూలు ఫైళ్లను విండోస్ ఒక్కొక్కటిగా పోల్చి కొత్తదాన్ని నిలుపుకోగలదు. కానీ రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులను దాచుకునే పట్టికలో, ఆ ఉద్యోగికి చెందినవన్నీ ఎన్‌టీయూజర్.డాట్ అనే ఒకే ఫైలులో ఉంటాయి, దాని లోపలి మార్పులను కలపడం విండోస్‌కు చేతకాదు. ఆఫీసు కంప్యూటర్‌ను లాక్ చేసి ఇంటికి వెళ్లిన ఉద్యోగి రాత్రి ల్యాప్‌టాప్‌లో డ్రైవ్ మ్యాపింగులు (సర్వర్ ఫోల్డర్లను డ్రైవ్‌లుగా చూపే లింకులు) సరిచేసుకుని లాగాఫ్ అయ్యారనుకోండి. మర్నాడు ఆఫీసు కంప్యూటర్‌లో లాగాఫ్ కాగానే అక్కడి పాత ఫైలు సర్వర్‌లోని కొత్తదాని మీద కూర్చుంటుంది. ఎంత వేగమైన ఇంటర్నెట్ పెట్టినా దీనికి మందు లేదు.

అందువల్ల ప్రొఫైల్‌ను ఒకే మూటగా మోయించడం మానేసి, అందులోని ఫైళ్లకు ఒక దారి, సంస్థ నిబంధనలకు మరో దారి చూపండి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్లు, పిక్చర్ల ఫోల్డర్లను మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ అయిన వన్‌డ్రైవ్‌కు మళ్లించే సదుపాయం ఉంది. అయితే అవి ఇప్పటికే గ్రూప్ పాలసీ (సంస్థ కంప్యూటర్లకు సర్వర్ నుంచి నిబంధనలు పంపే విండోస్ ఏర్పాటు) ద్వారా సర్వర్‌కు మళ్లి ఉంటే ముందు ఆ మళ్లింపును తీసేయాలి, లేకపోతే వన్‌డ్రైవ్ వాటిని తీసుకోదు. బ్రౌజర్ బుక్‌మార్కులు ఆఫీసు ఖాతాతో సింక్ అవుతాయి. ఇక వాల్‌పేపర్, ఐకాన్ల అమరిక వంటివి రెండు చోట్లా ఒకేలా ఉండాలని పట్టుబట్టడం, నా దృష్టిలో, వృథా శ్రమ.

నిబంధనల సంగతి కొంచెం చిక్కు. గ్రూప్ పాలసీ ప్రతి 90 నిమిషాలకు, దానికి 30 నిమిషాల వరకు అదనంగా కలుపుకుని, తనంతట తానే తాజా అవుతుంది కాబట్టి, వీపీఎన్ కలిసి ఉంటే చాలావరకు నిబంధనలు అందుతాయి. ఫోల్డర్ మళ్లింపు వంటివి మాత్రం లాగిన్ సమయంలోనే అమలవుతాయి. లాగిన్ తరువాత వీపీఎన్ కలిపేవారికి అవి ఎన్నటికీ చేరవు. లాగిన్‌కు ముందే కలిసే వీపీఎన్ పెట్టవచ్చు, లేదా వీపీఎన్‌తో పనిలేకుండా ఇంటర్నెట్ ద్వారానే నిబంధనలు పంపే ఇన్‌ట్యూన్ వంటి సేవకు మారవచ్చు. ఇంటి నుంచి పనిచేసేవారు సగం మంది ఉన్నచోట నేను రెండోదానికే మొగ్గుతాను.

రోమింగ్‌ను తీసేసేముందు ఒక్క జాగ్రత్త తప్పనిసరి. లాగాఫ్ కాగానే ప్రొఫైల్ స్థానిక ప్రతిని చెరిపేసే పాలసీ మీ దగ్గర అమల్లో ఉందేమో చూడండి. ఉంటే మొదట దాన్ని ఆపండి. తరువాత సర్వర్‌లోని ప్రొఫైళ్లకు బ్యాకప్ తీసి, ఒక్కొక్కరి చేత వీపీఎన్‌తో లాగిన్, లాగాఫ్ చేయించి, ఆపైనే ఖాతాలోని ప్రొఫైల్ పాత్‌ను (సర్వర్‌లో ప్రొఫైల్ ఉన్న చోటి చిరునామాను) తొలగించండి.

ప్రశ్న: ఆఫీసులో పాస్‌వర్డ్ మార్చుకున్నాను. ఇంట్లోని ఆఫీసు ల్యాప్‌టాప్ మాత్రం పాతదాన్నే అడుగుతోంది. ఏం చేయాలి?

జవాబు: సర్వర్ అందనప్పుడు ల్యాప్‌టాప్ తన దగ్గర దాచుకున్న పాత వివరాలతోనే సరిచూస్తుంది. పాత పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లి, కొత్తదానితో వీపీఎన్ కలిపి, తెరను లాక్ చేసి, కొత్త పాస్‌వర్డ్‌తో తెరవండి.