నెలనెలా కేబుల్ బిల్లు లేకుండా టీవీ చూడొచ్చా?

చూడొచ్చు, కానీ ఇంట్లో ఎవరేం చూస్తారో ముందు తేల్చుకోండి. వార్తలు, దూరదర్శన్ చాలనుకుంటే డీడీ ఫ్రీ డిష్ పెట్టించుకోండి. దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతిది, 2004 నుంచి ఉంది. డిష్షుకీ బాక్సుకీ ఒక్కసారి పెట్టే ఖర్చే, రీఛార్జి ఉండదు. దూరదర్శన్ తెలుగు ఛానెళ్లు సప్తగిరి, యాదగిరి రెండూ వస్తాయి. బాక్సు మాత్రం ఎంపెగ్-4 అనే కొత్త రకందే అడగండి, పాత రకంలో కొన్ని ఛానెళ్లు కనిపించవు. మన వైపు డిష్ ఆగ్నేయానికి తిరగాలి (వాస్తు కాదు లెండి, ఉపగ్రహం అటుంది). మా డాబా మీద కొబ్బరి మట్ట అడ్డొచ్చి, గాలి వీచినప్పుడల్లా బొమ్మ ముక్కలయ్యేది. మట్ట కొట్టేశాక కుదుటపడింది.

సీరియళ్ల సంగతి వేరు. పే ఛానెళ్లు (డబ్బు కడితేనే వచ్చేవి) ఇందులో రావు. వాటికోసమే అయితే కేబుల్ అతన్ని ప్యాకేజీ తీసేసి, కావలసిన ఛానెల్ ఒక్కటే విడిగా ఇమ్మనండి. 2019 నుంచి అలా అడిగే హక్కుంది.