సాకెట్‌లో ఎర్త్ వైరు లేకపోతే న్యూట్రల్‌కే కలిపేయొచ్చా?

కలపకూడదు; త్రీ పిన్ సాకెట్ పైనున్న పెద్ద రంధ్రానికి మెయిన్ బోర్డు ఎర్త్ నుంచి విడిగా ఆకుపచ్చ వైరు రావాలి, బాక్సు ఇనుపదైతే దానికీ ఎర్త్ బిగించాలి. న్యూట్రల్ రోజూ కరెంటు మోసే వైరు. ఎర్త్‌కి పని పడేది లీకేజీ వచ్చినప్పుడే. రెండూ కలిపేసిన సాకెట్‌లో వాషింగ్ మెషీన్ పెట్టారనుకోండి. వెనక ఎక్కడో న్యూట్రల్ ఊడితే, ఫేజు కరెంటు మోటారు గుండా వచ్చి, ఎర్త్ పిన్ను మీదుగా మెషీన్ బాడీకి 230 వోల్టులు ఎక్కిస్తుంది. ఫ్యూజు కూడా పోదు, అదీ అసలు టెన్షన్. "రెండూ చివరికి భూమిలోకే కదా" అంటారు చాలామంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్‌ని ఎర్త్ చేసే మాట నిజమే. కానీ అక్కడికీ మీ సాకెట్‌కీ మధ్య ఎన్ని జాయింట్లో! వాటిలో ఒక్కటి వదులైనా చాలు.