అమెరికా అంతర్యుద్ధంలో భర్త పోయిన ఆడవాళ్లు పింఛను ఎలా తెచ్చుకునేవారు?

ప్రశ్న అడిగినవారి అసలు సందేహం ఇది: 1860ల్లో చాలామందికి పెళ్లి కాగితం లేదు, సంతకం రాదు. అలాంటప్పుడు ఫలానా సైనికుడికి భార్యనని ఒక ఆడమనిషి ప్రభుత్వాన్ని ఎలా నమ్మించేది?

ఊరివాళ్ల చేత చెప్పించి. ఒక్క ముక్కలో చెప్పాలంటే అంతే. కానీ ఆ చెప్పించడం వెనక ఉన్న తిప్పలు చాలా ఉన్నాయి.

నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాదు, ఐటీ ఉద్యోగిని. ఉండేది మేరీల్యాండ్‌లో. వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో (ప్రభుత్వ పాత రికార్డులు దాచే చోట) రీసెర్చర్ కార్డు తీసుకుంటే ఈ పింఛను ఫైళ్లను ఎవరైనా తెప్పించుకుని చదవొచ్చు. వాటి మీద నాకు ఆసక్తి కలగడానికి కారణం గిద్దలూరు దగ్గర పల్లెలో ఉండే మా పిన్ని. బాబాయి ఆర్మీలో హవల్దారుగా చేసి రిటైరయ్యాడు. ఆయన పోయాక ఫ్యామిలీ పెన్షన్ కాగితాల పని నా మీద పడింది. సర్వీసు రికార్డులో పిన్నికి పుట్టింటివాళ్లు పెట్టిన పేరుంది. ఆధార్‌లో, బ్యాంకు పుస్తకంలో అత్తగారు మార్చిన పేరుంది. ఈ రెండు పేర్లూ ఒకే మనిషివని నోటరీ దగ్గర అఫిడవిట్, ఇద్దరు సాక్షులు, సర్పంచ్ లెటర్, అవన్నీ పెట్టాక మళ్లీ ఇంకో కాగితం. ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషిని పట్టుకుని "నువ్వు నువ్వేనా" అంటుంటే ఆవిడ పడిన అవమానం నాకు బాగా గుర్తు. ఆ తర్వాత ఇక్కడ 1860ల నాటి ఫైళ్లు తెరిస్తే, అవే ప్రశ్నలు, దాదాపు అదే వరసలో కనిపించాయి.

ముందు చట్టం సంగతి. యుద్ధం మొదలైన మరుసటి ఏడాది, 1862 జూలై 14న, అమెరికా కాంగ్రెస్ పింఛను చట్టం చేసింది. యుద్ధంలో తగిలిన గాయం వల్లనో, విధుల్లో ఉండగా పట్టుకున్న జబ్బు వల్లనో సైనికుడు చనిపోతే, భార్యకు నెలనెలా లెక్కగట్టి డబ్బిస్తారు. మామూలు సిపాయి భార్యకు నెలకు 8 డాలర్లు. లెఫ్టినెంట్ కల్నల్, ఆ పై హోదా అయితే 30 డాలర్లు. అప్పట్లో బతికున్న సిపాయి జీతమే నెలకు 13 డాలర్లు, కాబట్టి ఎనిమిది మరీ తీసిపారేసే మొత్తం కాదు. అలాగని పిల్లలున్న ఇల్లు దాంతో గడిచేదీ కాదు. 1866లో పదహారేళ్ల లోపు పిల్లలకు తలా 2 డాలర్లు కలిపారు. 1886లో ఆ ఎనిమిదిని 12 చేశారు. ఇదంతా యూనియన్, అంటే ఉత్తరాది, తరఫున పోరాడినవాళ్లకే. దక్షిణాది కాన్ఫెడరేట్ సైనికుల భార్యలకు ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వం 1958 దాకా పైసా ఇవ్వలేదు. వాళ్లు తమ తమ రాష్ట్రాల చుట్టూ తిరగాల్సి వచ్చింది.

దరఖాస్తు అంటే ఫారం నింపి పోస్టులో వేయడం కాదు. దగ్గర్లోని కోర్టుకు వెళ్లి, క్లర్కు ముందు ప్రమాణం చేసి, తన కథంతా చెప్పాలి. భర్త ఏ రెజిమెంటు, ఏ కంపెనీ, ఎప్పుడు చేరాడు, ఎక్కడ ఎలా పోయాడు, పెళ్లి ఎప్పుడు ఎవరు చేశారు, పెళ్లికి ముందు తన ఇంటిపేరేమిటి, పిల్లలెంతమంది, వాళ్లు పుట్టిన తేదీలేమిటి. ఆవిణ్ణి ఎరిగినవాళ్లు ఇద్దరు పక్కనే నిలబడి సాక్ష్యమివ్వాలి. చదువు రాకపోతే క్లర్కు పేరు రాసిన చోట మధ్యలో గీత మీద గీత కొట్టాలి. ఆ ఇంటూ గుర్తులు ఫైళ్లలో కోకొల్లలు. కొన్ని వణికిపోతూ ఉంటాయి, కొన్ని కాగితం చిరిగేలా ఒత్తి గీసినవి.

అక్కణ్ణుంచి కాగితం వాషింగ్టన్‌లోని పెన్షన్ ఆఫీసుకు చేరుతుంది. అతను నిజంగా సైన్యంలో ఉన్నాడా, ఎలా చనిపోయాడు అని వాళ్లు యుద్ధ శాఖను అడుగుతారు. ఆసుపత్రిలో పోతే వైద్య విభాగాన్ని అడుగుతారు. రికార్డు దొరికితే సరే. దొరక్కపోతే, ఆ కంపెనీలో బతికి బయటపడ్డవాళ్లను వెతికి పట్టుకుని, "మా కళ్ల ముందే పోయాడు" అని రాయించి పంపే పని ఆవిడదే. న్యూయార్క్ పల్లెలో ఉన్న మనిషి ఒహాయోకు వలసపోయిన సిపాయి ఎక్కడున్నాడో కనుక్కోవడం ఎలాగో మీరే ఊహించుకోండి.

ఈ పనులన్నీ చేసిపెడతామంటూ పింఛను ఏజెంట్లు పుట్టుకొచ్చారు. వాళ్లు ఎక్కువ గుంజకుండా 1862 చట్టం ఫీజు 5 డాలర్లకు కట్టేసింది, 1864లో అది 10 అయింది. ఎనిమిది డాలర్ల పింఛనులో పది డాలర్ల ఫీజు. మన ఆర్టీవో ఆఫీసు గేటు దగ్గర కనిపించే మనుషులు ఏ దేశంలోనైనా, ఏ కాలంలోనైనా ఉంటారని నాకు అర్థమైంది ఈ ఫైళ్లు చదివాకే.

పెళ్లి రుజువు దగ్గరే అసలు చిక్కు. చర్చి రికార్డు నకలు ఉంటే మంచిది. లేకపోతే పెళ్లి చేసిన పాస్టర్ అఫిడవిట్. ఆయనా లేకపోతే పెళ్లి కళ్లారా చూసినవాళ్లు ఇద్దరు. పిల్లల వయసుకు పురుడు పోసిన మంత్రసాని మాట. చాలా ఇళ్లలో పుట్టుకలు, పెళ్లిళ్లు కుటుంబ బైబిల్లో రాసుకునేవారు కాబట్టి, కొందరు ఆ పేజీనే చించి పంపేశారు. ఇంకొందరు భర్త యుద్ధభూమి నుంచి రాసిన ఉత్తరాలు పెట్టారు, అందులో "ప్రియమైన భార్యకు" అని ఉంది గనక. కొడుకు మీదే ఆధారపడిన తల్లులు కూడా పింఛను అడగొచ్చు. వాళ్లు కొడుకు ఇంటికి డబ్బు పంపాడని చూపడానికి అతని ఉత్తరాలు పెట్టేవారు. అలా పెట్టిన ఉత్తరాలు ఎన్నో ఫైళ్లలోనే ఉండిపోయాయి. చనిపోయినవాడి చేతిరాత ఇంట్లో ఉంచుకోవాలా, దాన్నిచ్చి నెలకు ఎనిమిది డాలర్లు తెచ్చుకోవాలా అన్న లెక్క ఆ ఆడవాళ్లు వేసుకోవాల్సి వచ్చింది. పల్చటి ఆ కాగితాలు మడతల దగ్గర విడిపోతూ ఉంటాయి. తేమ లేని చేతులతో పట్టుకుని చదువుతుంటే, ఇది చూడాల్సింది నేను కాదు కదా అనిపిస్తుంది.

ఇక బానిసత్వం నుంచి వచ్చిన నల్లజాతి సైనికుల భార్యల పరిస్థితి. బానిసల పెళ్లిని దక్షిణాది చట్టాలు గుర్తించనే లేదు. కాగితం ఎక్కణ్ణుంచి వస్తుంది? 1864 ఏప్రిల్‌లో టెనెసీలోని ఫోర్ట్ పిల్లో దగ్గర, లొంగిపోతున్న నల్లజాతి సైనికుల్ని కాన్ఫెడరేట్లు ఊచకోత కోశారు. అక్కడి కమాండర్ మేజర్ బూత్ కూడా ఆ రోజే చనిపోయాడు. ఆయన భార్య, తెల్లజాతి ఆవిడ, మే నెలలో నేరుగా లింకన్‌ను కలిసి, తనకు పింఛను వస్తుంది, తన భర్త కింద పోరాడి చచ్చిన వాళ్ల భార్యల మాటేమిటని అడిగింది. లింకన్ ఆవిడ మాట విని సెనెటర్ చార్ల్స్ సమ్నర్‌కు ఉత్తరం రాసి పంపాడు: చట్టం ప్రకారం పెళ్లి కాకపోయినా, వాస్తవంగా భార్యలైనవాళ్లను, వాళ్ల పిల్లల్ని పెళ్లయినవాళ్లతో సమానంగా చూడాలని. అదే ఏడాది జూలై 4 చట్టంలో దారి దొరికింది. భర్త సైన్యంలో చేరక ముందు కనీసం రెండేళ్లు ఆలుమగలుగా కలిసి బతికారని నమ్మదగ్గ ఇద్దరు సాక్షులు చెబితే చాలు. 1866లో ఆ రెండేళ్ల షరతు కూడా తీసేశారు. ఈ మొత్తం కథలో నాకు బాగా నచ్చిన మనిషి ఆ మిసెస్ బూత్. తన పని అయిపోయినా ఊరుకోలేదు.

సాక్ష్యం ఎంత పీకుడు వ్యవహారమో తెలియాలంటే హ్యారియట్ టబ్‌మన్ కేసు చూడాలి. అవును, బానిసల్ని రహస్యంగా ఉత్తరాదికి దాటించిన ఆవిడే. యూనియన్ సైన్యానికి స్కౌట్‌గా, నర్సుగా, వంటమనిషిగా పనిచేసింది. 1863 జూన్‌లో సౌత్ కరోలినా కంబాహీ నది దాడిలో సైన్యానికి దారి చూపింది, ఒక్క రాత్రిలో 700 మందికి పైగా బానిసలు బయటపడ్డారు. ఆ సేవకు ఆవిడకు ఏళ్ల తరబడి పింఛను రాలేదు. చివరికి ఆవిడ పింఛను జాబితాలోకి ఎక్కింది సైనికుడి భార్యగా!

రెండో భర్త నెల్సన్ డేవిస్ 8వ నల్లజాతి రెజిమెంటులో సిపాయి. 1869లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆబర్న్‌లో పెళ్లి, 1888లో క్షయతో మరణం. 1890లో కొత్త చట్టం వచ్చింది: భర్త కనీసం 90 రోజులు పనిచేసి మంచి పేరుతో బయటికొస్తే చాలు, యుద్ధం వల్లే చనిపోయాడని చూపక్కర్లేదు. భార్యకు రెక్కల కష్టం తప్ప వేరే ఆధారం లేకపోతే నెలకు 8 డాలర్లు. ఆవిడ దరఖాస్తు పెట్టింది. సైన్యం పుస్తకాల్లో నెల్సన్ డేవిస్ లేడు, నెల్సన్ చార్ల్స్ ఉన్నాడు. బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్లలో పేరు మార్చుకున్నవాళ్లు చాలామంది, ఆఫీసుకు అదేం పట్టదు. ఇద్దరూ ఒకరేనని తోటి సైనికుల చేత, ఇరుగుపొరుగు చేత చెప్పించాల్సి వచ్చింది. అది అయ్యాక మొదటి భర్త జాన్ టబ్‌మన్ సంగతి. అతను 1867లో, అంటే రెండో పెళ్లికి ముందే, చనిపోయాడని కూడా రుజువు చేయాలి. చదవడం రాయడం రాని ఆవిడ అన్నిటి మీదా ఇంటూ గుర్తే పెట్టింది. పింఛను మంజూరైంది 1895 అక్టోబరులో, దరఖాస్తు పెట్టిన అయిదేళ్లకు. బకాయిలు కలిపి ఇచ్చారనుకోండి, కానీ ఆ అయిదేళ్లు ఎవరి ఇంట్లో అప్పు పుట్టించుకుందో ఫైలు చెప్పదు. నెల్సన్ చార్ల్స్, నెల్సన్ డేవిస్ అఫిడవిట్ల గురించి చదివిన రోజు నేను పిన్నికి ఫోన్ చేసి చెప్పాను. "అంత గొప్పామెకే తప్పలేదా నాయనా" అని నవ్వింది.

1899లో కాంగ్రెస్ ప్రత్యేక చట్టం చేసి ఆవిడ పింఛను 20 డాలర్లు చేసింది. మొదట 25 అన్నారు, బేరమాడి 20 దగ్గర ఆపారు. ఆ తక్కువైన మొత్తానికి పరిహారంగా 2003లో కాంగ్రెస్ 11,750 డాలర్లు ఆవిడ ఇంటి స్మారకానికి ఇచ్చింది. ఆవిడ పోయింది 1913లో.

పింఛను వచ్చినంత మాత్రాన ఊపిరి పీల్చుకోవడానికీ లేదు. మళ్లీ పెళ్లి చేసుకుంటే పింఛను పోతుంది. అందుకని కొందరు పెళ్లి మానుకుని ఊరికే కలిసి ఉండేవారు. 1882లో దానికీ అడ్డుకట్ట వేశారు, మగవాడితో బాహాటంగా కాపురం చేస్తే పింఛను కట్. ఆరా తీయడానికి స్పెషల్ ఎగ్జామినర్లు ఊళ్లకు వచ్చేవారు. పక్కింటివాళ్లను కూర్చోబెట్టి, ఆ ఇంటికి ఎవరొస్తున్నారు, రాత్రి ఉంటున్నారా, మంచాలెన్ని అని అడిగి రాసుకునేవారు. నా మట్టుకు నాకు ఇది ఒళ్లు మండే విషయం. నెలకు ఎనిమిది డాలర్లిచ్చి మనిషి పడకగదిలోకి తొంగిచూసే హక్కు కొనుక్కున్నట్టుంది. అయితే చరిత్రకారులకు ఈ వాంగ్మూలాలే బంగారం. చదువు రాని నల్లజాతి ఆడవాళ్లు తమ జీవితం గురించి తమ మాటల్లో చెప్పినవి ఇంత పెద్ద సంఖ్యలో దొరికే చోట్లు తక్కువ. మన దగ్గర కూడా ఫ్యామిలీ పెన్షన్‌కు "మళ్లీ పెళ్లి చేసుకోలేదు" అని రాసివ్వాలి. ఆ కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు అరవై దాటిన మా పిన్ని ముఖం చూడాల్సింది.

ఈ పింఛన్లు ఎంత పెరిగాయంటే, 1890ల తొలినాళ్లకు ఫెడరల్ ప్రభుత్వ ఖర్చులో దాదాపు 40 శాతం ఇవే. గుమాస్తాల కోసం 1887 నాటికి ఎర్ర ఇటుకలతో ఒక పెద్ద భవనమే కట్టారు. వాషింగ్టన్ వస్తే జుడీషియరీ స్క్వేర్ మెట్రో స్టేషన్ నుంచి బయటికి రాగానే ఎదురుగా కనిపిస్తుంది, ఇప్పుడది నేషనల్ బిల్డింగ్ మ్యూజియం. గోడ చుట్టూ మట్టితో చేసిన సైనికుల ఊరేగింపు బొమ్మలుంటాయి. లోపల నడిచిందంతా ఆడవాళ్ల కాగితాలతోనైనా, గోడ మీద మాత్రం అంతా మగవాళ్లే.

మీరు ఏదైనా ఒక కుటుంబం గురించి వెతుకుతుంటే, సైనికుడి పేరుతో మొదలుపెట్టండి. ఫైళ్లు అతని పేరు మీదే ఉంటాయి, భార్య పేరు ఇండెక్స్ కార్డు మీద కింద వస్తుంది. ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైట్‌లో ఆ ఇండెక్స్ ఉచితంగా దొరుకుతుంది. కార్డు మీద భార్య దరఖాస్తు నంబరు ఒకటి, మంజూరైతే సర్టిఫికెట్ నంబరు ఇంకొకటి ఉంటాయి. రెండో నంబరు లేదంటే మంజూరు కాలేదనుకోవచ్చు. అలాంటివి వదిలేయకండి, కాదన్న కేసుల్లోనే సాక్ష్యాలు ఎక్కువగా పోగుపడి ఉంటాయి.