సొంతంగా ఆల్బమ్ వేసుకునే ముందు

అమ్మలూ,

నీ మెయిల్ చదివాను. బ్యాండ్ నుంచి బయటికొచ్చావు, ఏ లేబుల్ (రికార్డు కంపెనీ) గడపా తొక్కకుండా సోలో ఆల్బమ్ వేస్తానంటున్నావు. తప్పకుండా వెయ్యి. కానీ నువ్వు పంపిన ఖర్చుల లెక్క చూస్తే మనసు కుదురుగా లేదు. సగం డబ్బు బాక్స్ సెట్ ప్యాకింగ్‌కీ, లాంచ్ షోకీ పోతోంది. గొంతు రికార్డింగ్‌కి మిగిలింది నాలుగు రోజులు! ముందు ఆ లెక్క మార్చాలి.

నీకిష్టమైన గాయకుడు ఫిష్ సంగతే తీసుకో. 1988లో మారిలియన్ అనే బ్రిటిష్ ప్రోగ్రెసివ్ రాక్ బ్యాండ్‌ని వదిలాక కొన్నాళ్లు పెద్ద కంపెనీలతో చేసి, తర్వాత సొంత లేబుల్ పెట్టాడు. ఆ లేబుల్ మీదే 1997లో స్టీవెన్ విల్సన్ అనే సంగీతకారుడితో కలిసి 'సన్‌సెట్స్ ఆన్ ఎంపైర్' తెచ్చాడు. ఆయన ఆల్బమ్‌లలో గట్టివాటిలో అదొకటని నా అభిప్రాయం. పాటలు ఎంత బాగున్నా రికార్డింగ్ ఖర్చు, టూర్ ఖర్చు కలిసి ఆయన్ని ఆర్థికంగా కుంగదీశాయి. తర్వాతి ఆల్బమ్‌కి మళ్లీ వేరే లేబుల్‌కి వెళ్లాడు. అదే మనిషి 2020 సెప్టెంబర్‌లో తన చివరి స్టూడియో ఆల్బమ్‌గా 'వెల్ట్‌ష్మెర్జ్'ని సొంతంగా విడుదల చేశాడు. దానికి ముందు ఆల్బమ్ 2013లో వచ్చింది. ఆ రెండు ఆల్బమ్‌ల మధ్యలో, 2018లో, కొత్త పాటలు కొన్ని ఒక ఈపీగా (చిన్న ఆల్బమ్‌గా) తెచ్చాడు, టూర్‌లో పాడి వినిపించాడు. ఆల్బమ్‌ని తన సైట్‌లో నేరుగా అభిమానులకే అమ్మాడు. నువ్వు పట్టుకోవాల్సింది ఈ రెండో పద్ధతి. ఇప్పటికే నీ పాట వినేవాళ్లు ఎంతమందో లెక్కపెట్టుకో, వాళ్లు కొనగలిగినంత ఆల్బమ్ చెయ్యి. మారిలియన్ కూడా 2001లో అదే చేసింది. 12 వేలమందికి పైగా అభిమానులు ముందే డబ్బు కడితే ఆ డబ్బుతో ఆల్బమ్ తయారైంది. నీకు రెండు వందలమంది కట్టినా చాలు, పని మొదలవుతుంది.

ఇక గొంతు. దీని మీదే నాకు ఎక్కువ పట్టింపు. వయసు పెరిగేకొద్దీ ఫిష్ గొంతు కిందికి దిగింది. ఆయన పాత పాటల శ్రుతి తగ్గించాడు, కొత్తవి ఇప్పటి గొంతుకి తగ్గట్టు రాసుకున్నాడు. నువ్వూ బ్యాండ్‌లో గిటార్ల మీదుగా వినపడాలని పై స్థాయిలో అరిచి పాడేదానివి. ఇప్పుడు ఆ అవసరం లేదు, పాటలన్నీ ఓ స్వరం కిందికి దించి పాడి చూడు. రోజుకి రెండు, మూడు గంటలకి మించి పాడొద్దు. మైక్‌కి నీకూ ఎంత దూరమో నేల మీద టేప్ అంటించుకో, లేకపోతే వారం తర్వాత పాడిన చరణం వేరే మనిషి పాడినట్టుంటుంది. ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్‌ని అసిస్టెంట్ చేతికి వదిలెయ్యకు. నువ్వు వేసే గమకాన్ని అది తప్పు అనుకుని చదును చేసేస్తుంది, నీ పాటలో నాకు నచ్చేదే ఆ గమకం. ఏడు దెబ్బల తాళం లెక్క నీకు కర్ణాటక సంగీతంలోని మిశ్రచాపులో చిన్నప్పుడే వచ్చింది కాబట్టి డ్రమ్మర్‌తో పోటీ పడాలనిపిస్తుంది. పడొద్దు. తాళం ఎంత మెలికలు తిరిగినా వినేవాడికి మాట స్పష్టంగా అందాలి.

ఇంట్లో రికార్డ్ చేయడం చిన్నతనం అనుకోకు. బ్రిటిష్ గాయకుడు పీటర్ హామిల్ 1970లలోనే ఇంటి స్టూడియో పెట్టుకున్నాడు, 1992 నుంచి ఫై అనే సొంత లేబుల్ మీద ఆల్బమ్ తర్వాత ఆల్బమ్ తెస్తూ వచ్చాడు. డ్రమ్స్‌కి మాత్రం మంచి గది అద్దెకి తీసుకో. మిక్స్ చేసినవాడే మాస్టరింగ్ (విడుదలకి ముందు ధ్వనికి చివరి మెరుగులు దిద్దడం) చేయకుండా చూసుకో.

స్ట్రీమింగ్ మీద ఆశ పెట్టుకోకు. స్పాటిఫైలో ముప్పై సెకన్లు దాటితే ఒక ప్లే కింద లెక్క. నీ పదహారు నిమిషాల పాటకీ, మరొకరి మూడు నిమిషాల పాటకీ అదే ఒక్క ప్లే. మీ తరహా సంగీతానికి అది నష్టమే. కళాకారులు నేరుగా పాటలు అమ్ముకునే సైట్ బ్యాండ్‌క్యాంప్‌లో పెట్టు, డిజిటల్ అమ్మకం మీద వాళ్లు 15 శాతం తీసుకుంటారు, చాలావరకు మిగిలింది నీది. ఎల్‌పీ (వినైల్ రికార్డు) కావాలంటే ఒక్కో వైపు ఇరవై, ఇరవై రెండు నిమిషాలు దాటనివ్వకు. దాటితే ధ్వని పలచబడుతుంది. పాటల వరుస ఇప్పుడే ఆ లెక్కలో వేసుకో.

గిటార్, కీబోర్డ్ వాయించే కుర్రాళ్లతో రికార్డింగ్‌కి ముందే కాగితం రాసుకో. ఎవరికి ఎంత, పాటలో ఎవరి వాటా ఎంత, అన్నీ. స్నేహితులు కదా అని మొహమాటపడకు, స్నేహం నిలవడానికే ఆ కాగితం. పాట రాసింది, కట్టింది నువ్వే కాబట్టి పాట రాసినవాళ్లకీ, కట్టినవాళ్లకీ రాయల్టీ వసూలు చేసిపెట్టే ఐపీఆర్ఎస్ సంస్థలో సభ్యత్వం తీసుకో. ప్రతి ట్రాక్‌కీ ఐఎస్ఆర్‌సీ కోడ్ (ఆ రికార్డింగ్‌ని గుర్తుపట్టే నంబర్) ఉండాలి, అది లేకుండా ఎక్కడా అప్‌లోడ్ చేయకు.

లాంచ్ షో సంగతి ఆల్బమ్ అమ్మకం మొదలయ్యాక మాట్లాడుకుందాం. ముందు మొదటి రెండు పాటల గైడ్ వోకల్స్ (నమూనాగా పాడిన గొంతు) నాకు పంపు, రివర్బ్ (ప్రతిధ్వని) వేయకుండా, గొంతు ఒక్కటే. శనివారానికల్లా విని ఫోన్ చేస్తాను.

ఆశీస్సులతో,
మావయ్య